కూర్చునే నెత్తురు

ఆ రోజుల్లో నకిరేకల్‌లో మా నాయిన కిరాణా దుకాణానికి కొత్తగా వచ్చినవాళ్లు, గద్దె పక్కన కదలకుండా కూర్చున్న నన్ను చూపించి "గీ బస్తల ఏముంది సావుకారీ, శెనగలా?" అని అడిగేవాళ్లు. నేను తుమ్మితే ఎగిరిపడేవాళ్లు. బడి కూడా అందుకే తొందరగా మానేశాను. చదువు మీద నాకు కోపమేమీ లేదు. బడిని మా వీధిలో కాకుండా పక్క వీధిలో కట్టడమే నాకు నచ్చలేదు.

నాయినకు ఇందులో వింతేమీ కనిపించలేదు. "మా తాత గీ గద్దె మీదనే ముసలోడైండు. నా సంగతి సూస్తనే ఉన్నవు. కూసునుడు మా నెత్తుర్ల ఉన్నది" అనేవాడు గర్వంగా. అమ్మ ఊరుకునేది కాదు. "మరి చిన్నోడో? గా పిలగాడు నీ నెత్తురు గాదా?" అని ఎదురడిగేది. చిన్నోడంటే నా కవల తమ్ముడు. ఇద్దరం ఒకే పూట పుట్టాం (నేనే ముందు, వాడికన్నా ముందు నేను చేసిన పని అదొక్కటే). ఇద్దరికీ పాలు చాలక, వాణ్ణి రామన్నపేట దగ్గరి పల్లెలో ఉన్న మా అవ్వ, అంటే అమ్మవాళ్ల అమ్మ, తీసుకుపోయి పెంచింది. ముఖాలు ఒకటే. కానీ వాడు ఎడ్ల వెంటా మోటబావి చుట్టూ తిరిగి తాటినారలా తయారయ్యాడు. నేను బెల్లం పక్కన పెరిగాను.

మాకు పదహారేళ్లప్పుడు, ఒక ఎండాకాలం, అవ్వ దగ్గరనుంచి కబురొచ్చింది. చిన్నోడు గట్టు మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. వరి పొట్టమీద ఉంది, మోట కొట్టే మనిషి లేడు, ఊళ్లో ఎవరి బావి వాళ్లకే సరిపోతోంది. ఇప్పుడు నీళ్లు ఆగితే అవ్వ ఏడాది తిండి గడ్డి అయిపోతుంది. "నేను పోత" అన్నాను. నాయిన తక్కెడ దించి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వా? ఎడ్లు నీళ్లు గుంజాల్నా, నిన్ను గుంజాల్నా?" ఆ మాటతో నాకు పట్టుదల పుట్టింది (అదీ కూర్చున్నచోటే పుట్టింది), మొదటి బస్సుకే బయలుదేరాను.

అవ్వ పొలానికి పోగానే పక్కబావి మీద మోట నడుస్తుంటే చూశాను. ఎడ్లు వాలు దిగుతుంటే తోలుమోట నీళ్లతో పైకొస్తోంది, వాటిని తోలే ఆయన బరువు కోసం తాడు మీద కూర్చుని హాయిగా కిందికి దిగుతున్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. "గిది కూసునే పనే గదరా!" అన్నాను. చెట్టుకింద మంచంలో, కట్టుకట్టిన కాలితో పడుకున్న తమ్ముడు "కూసునుడు సరే గని పెద్దోడా, మోట కుమ్మరించకముందే దిగు" అన్నాడు. మొదటిసారే అది మరిచిపోయాను. చల్లగాలికి పాట అందుకోబోతుంటే నీళ్లు తొట్టిలో పడ్డాయి, తాడు సడలింది, నేను వెల్లకిలా వాలులో పడ్డాను. ఎడ్లు తిరిగి చూశాయి (నవ్వలేదు, మర్యాద తెలిసినవి). ఇంకో సంగతి అప్పుడు తెలిసింది. కూర్చోవడం దిగేటప్పుడే, మళ్లీ పైకి ఎడ్లను వెనక్కి నడిపిస్తూ మనమూ నడిచే ఎక్కాలి.

తెల్లారి లేవబోతే తొడలు నావి కావు. నీళ్లు చివరి మడిదాకా పారనేలేదు, అది నెర్రెలు బారుతోంది. మంచంలోంచి చూస్తే అవ్వ కొంగు బిగించి చర్నకోల అందుకుంటోంది.

"నువ్వెటు అవ్వా?"

"నీ తొడల నొప్పి తగ్గేదాక మడి ఆగుతదా బిడ్డా?"

ఎట్లా లేచానో నాకే తెలియదు, ఆమె చేతిలోని చర్నకోల లాక్కున్నాను. "ఇయ్యాల ఆఖరు మడి తడువకుంటె గటక ముట్ట!" అన్నాను. తిండి మీద ఒట్టు పెట్టుకోవడం నా జన్మలో అదే మొదలు. దిగాను, ఎక్కాను, ఏడ్చాను, ఎడ్లను తిట్టాను, మళ్లీ వాటినే బతిమాలాను. పొద్దు వాలుతుండగా నీళ్లు నెర్రెల్లోకి బుసబుసమని ఇంకి, మెల్లగా అవతలి గట్టు తాకాయి. అవ్వ నా గిన్నెలో గటక అంచుదాకా పెట్టింది.

వరి ఈనింది. అప్పటికి నా కాళ్లకు ఏం పట్టిందోగాని, ఎడ్లను విప్పాక కూడా ఊరుకోక ఊరి పిల్లలతో చెడుగుడుకు లాక్కుపోయేవి. తమ్ముడేమో మంచంలోంచే అజమాయిషీ చేస్తూ, అవ్వ పెట్టిందల్లా తింటూ బుగ్గలు పెంచాడు. ఒకనాడు నాయిన వచ్చి నేరుగా మంచం దగ్గరికి పోయి, వాడి భుజం తట్టి, "నేను ముందే జెప్తిగద పెద్దోడా, నీతోని కాదని" అన్నాడు. నేను వాలుమీంచి "నాయినా, పెద్దోన్ని నేను! ఈడున్న!" అని గట్టిగా అరిచాను. అంత సంతోషం నా గొంతులో మళ్లీ ఎన్నడూ వినలేదు.

కోతలయ్యాక దుకాణానికి తిరిగొచ్చాను. గద్దె నన్ను మెల్లగా తనలో కలిపేసుకుంది. బతుకమ్మ పండుగకు అవ్వ వచ్చేసరికి నాకు మెడ కనిపించడం లేదు. ఆమె ఎగాదిగా చూస్తుంటే, నేనే అందుకుని, అన్నీ చదివినవాడిలా చెప్పాను: "ఏం జేద్దునవ్వా, నెత్తుర్ల ఏం లేదు. అంత జాగ మహిమ. ఈ జాగనే గసొంటిది." ఇప్పుడీ వయసులో కుర్చీలోంచి లేవబోయి, కాసేపాగి లేద్దాంలే అనుకున్నప్పుడల్లా, వాలుమీంచి అరిచిన ఆ పిలగాడు నాకు బాగా కావలసిన మనిషిలా గుర్తొస్తాడు. వాడి వెనకాలే అవ్వ ఆనాడిచ్చిన జవాబు కూడా:

"జాగకు కాళ్లు లెవ్వు బిడ్డా. నీకున్నయి గద."