ఎనిమిదో నెలలో నందిగామకు

డెబ్బయ్యో దశకం చివరి ఏళ్ళలో నేను జగ్గయ్యపేటలో ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ణి. మిర్చి ధరలు, గరికపాడు దగ్గర లారీ బోల్తాలు, బడి వార్షికోత్సవాలు రాసి, మధ్యాహ్నం బెజవాడ బస్సు కండక్టరు చేతిలో కవరు పెడితే ఆ రోజుకి నా పని అయిపోయేది. నెలకోసారైనా ఆ కవరులో ఒక వార్త ఉండేది: గర్భిణులు నెలనెలా పరీక్షలు చేయించుకోవాలని ఫలానా ఊరి సభలో నర్సు కోరారు. ఊరి పేరు మారేది, వాక్యం మారేది కాదు.

ఆ రోజుల్లోనే నా భార్యకు ఐదో నెల. తొలి కాన్పు. ఆమెను ఎవరికైనా చూపించాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇంట్లో మా అమ్మ ఉంది, ఆరుగుర్ని కన్న మనిషి. అది ఆడవాళ్ళ సంగతి, వాళ్ళే చూసుకుంటారనుకున్నాను.

మా పేటలో గర్భిణుల్ని చూసే నర్సమ్మ నలభై దాటిన మనిషి. తెల్లచీర, భుజాన సంచి, సంచిలో బీపీ చూసే పెట్టె. ఒకరోజు వార్త కోసం ఆమె దగ్గరికి వెళితే, మాటల మధ్యలో తలెత్తి అడిగింది.

"ఏమండీ, ఊరందరికీ పేపర్లో చెబుతారు. మీ ఇంటికి మీ పేపరు రాదా?"

నా భార్య సంగతి ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. నేను నవ్వేసి వచ్చేశాను. మర్నాడు ఆమే మా ఇంటికి వచ్చింది.

అమ్మ ఆమెకు కాఫీ ఇచ్చింది, కుర్చీ వేసింది. మా రోజుల్లో ఈ పట్టీలూ సూదులూ ఎక్కడివమ్మా, మేం కనలేదా అని కూడా అంది. నర్సమ్మ వాదించలేదు. కాఫీ తాగి, నా భార్య చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, కింది రెప్ప లాగి రక్తం ఎలా ఉందో చూసింది, కాళ్ళు నొక్కి చూసింది. ఒక అట్టకార్డు మీద పెన్సిలుతో ఏవో అంకెలు వేసి, రక్తం పట్టడానికి ఎర్రటి మాత్రలు ఇచ్చి వెళ్ళింది. ఆ తర్వాత నెలనెలా వచ్చేది.

ఆ మాత్రలు వేసుకుంటే బిడ్డ మరీ పెరిగి కాన్పు కష్టమవుతుందని అమ్మ నమ్మకం. పారేయడానికి మనసొప్పక పెరట్లో కరివేపాకు మొదట్లో పాతిపెట్టేది. ఈ సంగతి నా భార్య నవ్వుతూ నాకు చెప్పింది. నేనూ నవ్వాను. ఈ కథలో నా వాటా తప్పు అక్కడే మొదలైంది.

ఆరో నెలలో నర్సమ్మ కనురెప్ప లాగి చూసి, మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగింది. నా భార్య పెరటి వైపు చూసింది. నర్సమ్మ కూడా అటే చూసింది. చెట్టు నల్లగా నిగనిగలాడుతోంది.

"పోన్లెండి మామ్మగారూ, కరివేపాక్కైనా రక్తం పట్టింది," అంది.

అమ్మకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. అప్పటినుంచి రోజు విడిచి రోజు ఒక మాత్ర వేయనిచ్చేది. వాళ్ళిద్దరి మధ్య కుదిరిన రాజీ అంత.

నా భార్య పుట్టిల్లు నందిగామ. ఏడో నెలలో తీసుకువెళ్ళాలని మాట. నెల మొదట్లోనే మా ఇంట్లో పేరంటాళ్ళను పిలిచి గాజులు తొడిగించారు. ఇక పంపుదామనేసరికి మా మామగారికి జ్వరం. ఆయన లేచి తిరిగేసరికి మూఢం వచ్చింది. మూఢంలో కడుపుతో ఉన్న పిల్లను పంపరు. మూఢం వెళ్ళేసరికి ఎనిమిదో నెల. మా ఇళ్ళల్లో ఎనిమిదో నెల గర్భిణిని ఊరి పొలిమేర దాటించరు. ఇక తొమ్మిదిలోనే అని రెండు వైపులా పెద్దలు అనుకున్నారు. ఎవరికీ తొందర లేదు.

ఎనిమిదో నెల నడుమ నర్సమ్మ వచ్చింది. నా భార్య కుడిచేతికి పట్టీ చుట్టి చూసింది. విప్పి ఎడమచేతికి చుట్టింది. కార్డు తీసి పాత అంకెలతో పోల్చుకుంది. బీపీ పెరిగిందని, మొహంలో వాపు కనిపిస్తోందని, ఈ రెండు రోజుల్లోనే లేడీ డాక్టరుకు చూపించాలని చెప్పింది. అప్పట్లో మాకు లేడీ డాక్టరంటే నందిగామే.

అమ్మ ఒప్పుకోలేదు. కాళ్ళకు నీరు దిగని కాన్పు ఎక్కడుంది అంది. పదిహేను రోజులు ఓపిక పడితే తొమ్మిదో నెల వస్తుంది, ఎలాగూ నందిగామే పోతుంది కదా అంది. గొంతు పెంచకుండానే అంది, కానీ ఆ మాట మీద ఇంకొకరు మాట్లాడటానికి వీల్లేదన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గేటు దగ్గర నర్సమ్మ నాతో, "పదిహేను రోజులు ఆగే సంగతి కాదండి. ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. మీరు చెప్పాలి," అంది.

చూస్తానన్నాను. రెండు రోజులు చూస్తూనే ఉన్నాను. ఊరికొచ్చిన మంత్రులను నిలబెట్టి ప్రశ్నలడిగేవాణ్ణి, మా అమ్మను అడగలేకపోయాను. ఒకసారి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చాను.

మూడో రోజు పొద్దున మా వీధిలోకి గాజులావిడ వచ్చింది. ఏడో నెలలో నా భార్యకు గాజులు తొడిగింది ఆవిడే. ముందురోజు కుడిచేతి గాజు ఒకటి చిట్లింది. ఆ వెలితి పూడ్చాలని అమ్మ ఆవిణ్ణి పిలిచింది. ఆవిడ అరుగు మీద గాజుల మలారం దించి, ఆకుపచ్చ గాజు ఒకటి తీసి, నా భార్య చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. నేను లోపల బల్ల దగ్గర వార్త రాసుకుంటున్నాను. అంతా కనిపిస్తోంది.

గాజు ఎక్కలేదు. సబ్బు రాసింది. ఎక్కలేదు. పెద్ద సైజు తీసింది. అదీ పిడికిలి దగ్గరే ఆగిపోయింది. ఆవిడ గాజు పక్కన పెట్టి, బొటనవేలితో ముంజేతి మీద నొక్కి వదిలింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఆవిడ కాసేపు దాన్నే చూసింది.

"అమ్మగారూ, నెలన్నర కిందట ఈ చేతికి రెండూ నాలుగు సైజు ఏశా. ఇయ్యాల రెండూ ఆరు కూడా ఎక్కట్లా," అంది.

"ఒళ్ళు చేసింది," అంది అమ్మ.

"ఒళ్ళు చేసిన చెయ్యి నాకు తెలవదా అమ్మా? అది మెత్తగా ఉంటది, గాజు జారుద్ది. ఇది నీరు. కాళ్ళకొస్తే ఏమో అనుకోవచ్చు, చేతులకు రాకూడదు. ఇట్టాంటి చేతులు ఇంతకుముందు రెండు చూశా." ఆ ఇద్దరూ ఏమయ్యారో చెప్పలేదు. చేతిని పైకెత్తించి, నీరు వెనక్కి జారేలా వేళ్ళ నుంచి ఒత్తుతూ, ఉన్న గాజులకు ఆముదం రాసి, ఒక్కటి కూడా చిట్లకుండా ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. గాజుల కింద చర్మం మీద ఎర్రటి గీతలు పడి ఉన్నాయి.

అప్పుడు నా భార్య తలెత్తకుండా అంది: "రెండ్రోజుల్నించి కళ్ళ ముందు మెరుపుల్లా వస్తున్నాయి అత్తయ్యా. మీరు కంగారు పడతారని చెప్పలేదు."

అమ్మ ఆ చేతి మీద గుంటను తను కూడా నొక్కి చూసింది. బీపీ పెట్టెలో పాదరసం ఎక్కడిదాకా ఎక్కిందో ఆమెకు అర్థం కాలేదు గాని, గాజు సైజు అర్థమైంది. నా వైపు తిరిగి, "ఒరేయ్, కారు మాట్లాడు," అంది. అంతే.

పక్కవీధి పత్తి వ్యాపారి గారి అంబాసిడర్‌లో బయల్దేరాం. చిల్లకల్లు దగ్గర, మా రోడ్డు హైవేలో కలిసేచోట, అమ్మ కారు ఆపించి దిగి కొబ్బరికాయ కొట్టింది. బ్రేకులు బాగానే ఉన్నాయి మామ్మగారూ అన్నాడు డ్రైవరు. నీ బండికి కాదులే, నువ్వు నడుపు అంది.

నందిగామలో లేడీ డాక్టరు నా భార్యను పడుకోబెట్టి చూసింది. మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద మా ముందే వేడిచేసింది. అది విరిగిన పాలలా తెల్లబడింది, అలా కాకూడదట. అమ్మ రెప్ప వేయకుండా చూసింది. డాక్టరు నర్సమ్మ కార్డు అందుకుని నాలుగు నెలల అంకెలూ చదివింది.

"ఇది రాసినావిడకు మీరు దణ్ణం పెట్టుకోవాలి. ముందు బీపీ ఎంత ఉండేదో తెలుసు గనక ఇప్పుడు ఎంత పెరిగిందో తెలుస్తోంది. రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఫిట్స్‌తో తెచ్చేవాళ్ళు," అంది.

నేను తల దించుకున్నాను. అమ్మ మాత్రం ఒక అడుగు ముందుకు వేసింది.

"నాకూ చేతులు ఇట్లాగే వాచినయ్యమ్మా, మా పెద్దాడి తర్వాత. ఎనిమిదో నెల్లో ఎడ్లబండి మీద పుట్టింటికి పోయా. పోయిన మర్నాడే ఫిట్స్ వచ్చినయ్యంట, నాకు తెలివి లేదు. బిడ్డ పోయాడు. బండెక్కావు గనక పోయాడన్నారు."

డాక్టరు రాస్తున్న కలం ఆపింది. "బండి వల్ల కాదమ్మా. బయల్దేరేటప్పటికే ఆ జబ్బు ఉంది. చూసేవాళ్ళు లేకపోయారు."

అమ్మ బెంచీ మీద కూర్చుంది. పోయిన ఆ బిడ్డ మాట నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఎనిమిదో నెల అనగానే ఆమె ఎందుకు లేచి వెళ్ళిపోయిందో అప్పుడు తెలిసింది. ఎవరెవరి సంగతులో అడిగి అన్ని వార్తలు రాసిన నేను, మా అమ్మను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది.

మూడు వారాలు నా భార్య నందిగామలోనే ఉంది. మొదట ఆసుపత్రిలో, తర్వాత నాలుగు వీధుల అవతల పుట్టింట్లో. ఉప్పు తగ్గించాలి, ఎడమవైపు తిరిగి పడుకోవాలి, రోజూ బీపీ చూపించుకోవాలి. వియ్యపురాలి ఇంట్లో మంచినీళ్ళకు మించి ముట్టని మా అమ్మ, ఆ మూడు వారాలూ అక్కడే ఉంది. ఉప్పు లేని పప్పు కోడలొక్కతే తినలేదని తనూ అదే తింది. రెండో వారంలో వియ్యపురాళ్ళిద్దరూ వంటింట్లో పోట్లాడుకున్నారని నా భార్య చెప్పి నవ్వినప్పుడు, ఇక గండం గడుస్తుందని నాకు ధైర్యం వచ్చింది.

తొమ్మిదో నెలలో ఇంకా ఆగడం మంచిది కాదని డాక్టరే ఒక రోజు ఎంచుకుని నొప్పులు తెప్పించింది. మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. చిన్న పిల్ల, చిన్న ఏడుపు, అయినా ఏడ్చింది. తల్లికి రక్తం తక్కువ ఉందని, ఆ మాత్రలు ఇకనైనా మానకుండా వేయించమని డాక్టరు అంటే, అమ్మ తప్పు చేసిన పిల్లలా తల ఊపి, మాత్రల పొట్లం తన కొంగున ముడివేసుకుంది.

వారం తర్వాత పేటకు వచ్చి నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెకు ఏం చెప్పాలో బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను. ఆమె ఒకావిడ చేతికి పట్టీ చుడుతూ, బిడ్డ బరువెంత, తల్లి బీపీ దిగిందా అని అడిగింది. చెప్పాను. కార్డు అడిగి తీసుకుని, చివరి గడిలో బరువు, తేదీ వేసింది. ఎదురుగా బెంచీ మీద ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. నన్ను చూసి కొంగులు సర్దుకున్నారు.

"నెల తర్వాత ఇద్దర్నీ తీసుకురండి. ఇప్పుడు కాస్త బయటికి వెళ్ళండి, వీళ్ళను చూడాలి," అంది.

బయటికి వచ్చాను. బస్సులో అనుకున్న మాట ఆ రోజు చెప్పలేదు. ఆ నెల తిరగకముందే ఆమెకు బదిలీ అయింది. మీరు చూశారు గనక మా వాళ్ళిద్దరూ దక్కారమ్మా. అదే ఆ మాట.