పూసలు నీలానికి తిరిగేదాకా

మా పై అంతస్తు ప్రొఫెసరమ్మ పోయిన సోమవారం కన్నుమూసింది. వాచ్‌మన్ భార్య గుమ్మంలో నిలబడి, "పైన మేడం ఇగ లేదమ్మా" అంది. స్టవ్ ఆపి కూర్చున్నాను.

మా పుప్పాలగూడ అపార్ట్‌మెంట్‌లో అందరూ కంప్యూటర్ ఉద్యోగులే. మొక్కల మనిషి ఆమె ఒక్కతే. గచ్చిబౌలిలో ల్యాబు. ఏటా హిమాలయాలకు వెళ్లి, ఒకే రకం చిన్న మొక్క ఆకులను కొండ కింద, నడుమ, మంచు అంచున విడివిడిగా కోసుకొచ్చేది.

"అదే మొక్క కోసం అన్నిసార్లు కొండెక్కడం దేనికి?" అని నిలదీశాను.

"మీరు గోదావరోళ్లు, నేను నార్సింగిల పుట్టిన. ఇద్దరం మనుషులమే గదా పెద్దమ్మా? అయినా మా ఎండకు మీరు పరేషాన్, మీ ఉక్కకు నేను పరేషాన్. మొక్కలు గూడ గంతే. కిందిది పైన బతకది. ఎందుకో దాని జన్యువులల్ల ఉంటది. గది చదివి, ఎవరైనా చూస్కునేటట్టు నెట్ల పెడతం."

"అదంతా సరే, నీ గుమ్మం ముందు చెప్పులు వరసలో లేవు" అన్నాను. నవ్వుతూ సర్దింది.

ఆకులను కాగితపు సంచుల్లో పెట్టి, తేమ పీల్చే నీలం పూసల డబ్బాలో దాచేది. తేమ నిండితే పూసలు గులాబీ రంగుకు తిరుగుతాయి. వేయిస్తే మళ్లీ నీలం. మొదటిసారి చూసి రంగు సగ్గుబియ్యం అనుకున్నాను. ప్రతి సంచి మీదా చోటు, ఎత్తు రాసేది. "ఊరు లేని ఆకు చెత్తే" అనేది. ఆ మాట నాకు నచ్చింది.

ఈ ఏడు జబ్బు ముదిరి కొండెక్కలేదు. మంచు అంచు ఆకులు శిష్యురాలు తెచ్చింది. అక్కడ ఆ మొక్కలు అరుదైపోయాయట. ఈ ఆకులు చెమ్మగిల్లితే మళ్లీ దొరకవు. చోట్లు తానే సరిచూస్తానని వాటిని ఇంటికే తెప్పించుకుంది. వాన విడవలేదు. పూసలు గులాబీ అయ్యాయి. ఆమెకు నిలబడే ఓపిక లేదు. పూసల కోసమే ఉంచుకున్న మూకుడు నాకిచ్చింది.

"వంటకు ముట్టొద్దు, విషం. సన్న సెగ పెద్దమ్మా, మాడితే పాడైతయి."

"నాకు వేయించడం నేర్పుతున్నావా?"

"మీకు గాక ఇంకెవరికి చెప్తా? వేరేటోళ్లు వింటరా?"

నీలానికి తిరిగిన పూసలు చల్లారాక పట్టుకెళ్లి చూపించాను. ఒకటి వేళ్ల మధ్య పట్టి, కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది.

నిన్న శిష్యురాలు వచ్చింది. "ల్యాబుల ఆకుల జన్యువులన్నీ మంచిగ చదవొచ్చినయ్ అమ్మమ్మా. మేడంకు చెప్పలేకపోయిన" అని ఏడ్చింది.

ఆకులు ల్యాబుకు వెళ్లిపోయినా, పూసల డబ్బా, మూకుడు నా దగ్గరే ఉన్నాయి. నార్సింగి వైపు మబ్బు పట్టింది. అడుగు పూసలు గులాబీకి తిరుగుతున్నాయి. స్టవ్ వెలిగించి, సెగ సన్నగా పెట్టాను.