పొగ తగ్గిందండీ

ఒకప్పుడు పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టగానే ఆమె చేసే మొదటి పని వంటింటి కిటికీ మూసెయ్యడం. కిటికీ అవతల రేకుల షెడ్డు, షెడ్డులో వాళ్ళాయన ఇంజను. అది దగ్గుతూ లేచిందంటే నీలం పొగ తిన్నగా పాలగిన్నె మీదికి వచ్చేది. ఇప్పుడా కిటికీ రోజంతా బార్లా తెరిచే ఉంటోంది. చల్లటి గాలి హాయిగా మొహానికి తగిలినప్పుడల్లా ఆమెకి దొంగతనం చేసినట్టుగా ఉంటుంది.

ఆయన బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. ఇంజన్ల గురించి తెలిసింది తక్కువ, వాటి మీద మోజు బోలెడు. పాత స్కూలు వ్యాను డొక్కు ఒకటి కొనుక్కొచ్చి, బాగుచేసి, ఇద్దరూ కలిసి ఊళ్ళు తిరగాలని మనసులో పెట్టుకున్నాడు. దానికని తుక్కు సామాన్ల యార్డులో ఒక పాత ఇంజను బేరమాడాడు. అక్కడ ఒక్క తిప్పుకే లేచి బుద్ధిగా నడిచింది. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున చూస్తే ఇల్లంతా పొగ. ఆయన వెళ్ళేసరికే యార్డువాళ్ళు దాన్ని నడిపి వేడెక్కించి ఉంచారని తరువాత తెలిసింది. వేడి మీద దానికి ఏ రోగమూ ఉండదు. చల్లారాక లేపితేనే అసలు సంగతి బయటపడుతుంది: ఓ పట్టాన లేవదు, లేచాక ఒకటే పొగ.

దాన్ని వ్యానుకి ఎక్కించకుండా షెడ్డులోనే దిమ్మ మీద పెట్టి, బ్యాటరీ, తాళం తగిలించి, అప్పటినించీ విప్పడం, బిగించడం. ఆయన లోపల తాళం తిప్పుతూ ఉండేవాడు. పొగగొట్టం షెడ్డు బయటికి ఉండేది కాబట్టి అక్కడ నిలబడి చూసి చెప్పే పని ఆమెది.

"తగ్గిందా?"

"తగ్గిందండీ."

"కొంచెమా, బాగానా?"

"నిన్నటి మీద చాలా నయం."

తగ్గిందీ లేదు, పాడూ లేదు. కానీ గ్రీజు చేతులతో ఆశగా తొంగిచూసే ఆ మొహాన్ని చూస్తే ఇంకో మాట వచ్చేది కాదు. ఆఖరిసారి, అప్పటికే ఆయనకి ఒంట్లో బాగుండటం లేదు, "అసలు లేదండీ" అని కూడా అనేసింది. ఆయన చేతులు తుడుచుకుని వీధిలో కనబడిన ప్రతివాడికీ ఆ మాట చెప్పుకున్నాడు. ఆ నమ్మకంతోనే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు తమ్ముడు వచ్చి, "ఎన్నాళ్ళు దాన్ని చూస్తూ కూచుంటావక్కా, అమ్మేద్దాం," అంటే సరేనంది. వ్యాను డొక్కుని తుక్కుకి ఇచ్చేశారు. ఇంజను కోసం రొట్టెల వ్యాను నడుపుకునే మనిషి ఒకడు సాయంత్రం వచ్చాడు. తమ్ముడు ముందే నడిపి ఉంచాడు కాబట్టి అది ఒక్క తిప్పుకే లేచింది.

"నేను తెల్లారకముందే కొట్లకి రొట్టెలు వెయ్యాలమ్మా," అన్నాడతను. "నేను లేస్తాను, మా ఆవిడ లేస్తుంది, మా బండే లేవదు. నెట్టీ నెట్టీ మా ఆవిడ భుజాలు నాకంటే గట్టిపడ్డాయి. ఆవిడతో పోట్లాడాలన్నా భయంగా ఉంది." నవ్వి మళ్ళీ అడిగాడు. "పొద్దుటి పూట పొగేమైనా వేస్తుందా? ఇంట్లో ఉండే మనిషి, మీకు తెలుస్తుంది."

ఆమె నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు. "మా బావ స్వయంగా బాగుచేశాడు. పొగన్నదే లేదని వీధంతా చెప్పుకున్నాడు. కావాలంటే ఎవర్నైనా అడగండి."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయింది. కప్పు అందించేటప్పుడు అతని మొహంలోకి చూడలేకపోయింది.

"రేపు పొద్దున మా ఆవిణ్ణి తీసుకొస్తా. ఆవిడ ఊఁ అంటే వేసుకుపోతాం," అని అతను వెళ్ళాక తమ్ముడు ఆమెకి తాళం ఎలా తిప్పాలో చూపించాడు.

"వాళ్ళొచ్చే ముందు కాసేపు నడిపి ఆపెయ్యి. నాకు డ్యూటీ ఉంది."

"తప్పు కదరా?"

"బావకి అంటగట్టినవాడు ఇలాగే చేశాడు. వాడు సుఖంగానే ఉన్నాడు. అయినా పొగొస్తుందని నువ్వు చెబితే బావ మాట ఏమవుతుంది? ముసలాయన కోతలు కోశాడంటారు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన కోసినవి కోతలైతే, వాటిని ఆయన నోట పెట్టింది తనే. ఆయన కోసం ఆడిన అబద్ధం ఇప్పుడు ముక్కూమొహం తెలియని ఆడమనిషి భుజాల మీదికి పోబోతోంది.

పొద్దున ఆమె తాళం పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. ఇంజను పక్కన ఆయన పీట మీద కూచుంది. తాళం దూర్చింది. తిప్పకుండానే మళ్ళీ బయటికి తీసేసింది.

"తగ్గలేదండీ," అంది మెల్లగా. ఆయన ఉండగా ఒక్కనాడూ అనలేకపోయిన మాట. అన్నాక ఏడుపొచ్చింది. చెప్పి ఉంటే ఆయన ఇంకొకరికి చూపించేవాడేమో, బాగుపడేదేమో. ఏమో.

ఫోను మోగింది.

"నడిపావా అక్కా?"

"లేదురా."

"ఇంకా టైముందిలే. కాసేపు చాలు."

"నడపను. చల్లగానే ఉంచుతా."

"మతిగాని పోయిందా నీకు? తిరిగి చూడకుండా పోతారు."

"పోతే పోనీ."

ఫోను పెట్టేసేసరికి గేటు చప్పుడైంది. రొట్టెలాయన ముందు, వెనకే చీర కొంగు నడుముకి దోపుకున్న భార్య. తనే ఎదురెళ్ళి తాళం ఆవిడ చేతిలో పెట్టింది.

"నిన్నటినించీ దీన్ని నడపలేదమ్మా, చల్లగానే ఉంది," అంది. "నువ్వే తిప్పి చూసుకో."