కంట్రోల్ జగన్నాధం గారు

దేవుడు ప్రత్యక్షమై వరం ఇస్తానన్నా, జగన్నాధం గారు ముందు అడిగేది "కంట్రోల్ ఏదీ?" అనే. పరీక్షలో తేడా తెలియడానికి పక్కన పెట్టుకునే రెండో నమూనాను కంట్రోల్ అంటారు. విజయనగరంలో ఓ వైరస్ ల్యాబులో సీనియర్ టెక్నీషియన్ కాబట్టి ఆ మాట ఆయనకు అవసరమే. అది ల్యాబు గడప దాటకుండా ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

"పులుసెలాగున్నాది?" అని ఓసారి భార్య సుభద్రమ్మ అడిగింది.

"ఉప్పెయ్యని పులుసు ఇంకో గిన్నెలో ఎట్టు. రెండూ సూసి సెప్తాను."

వారం రోజులు ఆవిడ ఆ రెండో గిన్నె ఒక్కటే వడ్డించింది.

ఆమదాలవలసలో మేనల్లుడి పెళ్లిచూపులు. కుర్రాడు బుద్ధిమంతుడని మధ్యవర్తి పొగుడుతుంటే, "బుద్ది లేనోణ్ణొకణ్ణి పక్కన కూకోబెట్టండి, తేడా సూద్దుం" అన్నారు. అన్నది సాక్షాత్తూ పెళ్లికొడుకు మేనమామ! ఆ సంబంధం అక్కడితో సరి.

ఇలాంటి మనిషి పక్కన, ల్యాబులో చేరిన పరిశోధక విద్యార్థిని శ్రావణికి పని పడింది. మనిషి కణం మీద వైరస్ అతుక్కునే చోటును రిసెప్టర్ అంటారు. అది ఏయే కణాల మీద ఉందో చూపించడమే ఆమె పరిశోధన. రిసెప్టర్‌కి అంటుకునే యాంటీబాడీకి రంగు జతచేసి కణాల మీద వేస్తే, రిసెప్టర్ ఉన్నచోట మైక్రోస్కోపులో పచ్చగా మెరుస్తుంది. సోమవారం బయటి నిపుణుల ముందు అది చూపించలేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. శనివారం పొద్దున్న కణాలన్నీ పచ్చగా వెలిగేసరికి శ్రావణి కాళ్లు నేల మీద నిలవలేదు.

"కంట్రోల్ ఏదమ్మా?"

"ఇంత బాగా మెరుస్తంటే ఇంకా కంట్రోలేటి సర్?"

"మెరవకూడనిది మెరవకండా ఉన్నాదో లేదో సూడాల కదా!"

ఈయనకి కడుపుమంట అనుకుంటూనే, రిసెప్టర్ లేని కణాలకూ అదే యాంటీబాడీ వేసింది. అవీ పచ్చగా మెరిశాయి. అంటే యాంటీబాడీ దొరికిన చోటల్లా అంటుకుపోయిందన్నమాట. శ్రావణి కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

జగన్నాధం గారు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"ఇరవయ్యేళ్ల కిందట నానూ ఇలాగే మెరిపించీసి, పెద్ద సభలో సూపించీసినాను. ఒకాయన లేచి కంట్రోల్ ఏదన్నారు. నా దగ్గర లేదమ్మా."

"నవ్వీసినారా సర్?"

"నవ్వినా బాగుణ్ణు. జాలిపడిపోనారు. మరి స్టేజీ ఎక్కలేదు నాను. అందుకే ఎవులికైనా ఇక్కడే అడిగెస్తాను. ఇక్కడైతే సూసింది నానొక్కణ్ణే కదా. లే, మల్లీ సేద్దుం."

ఆదివారమంతా ఇద్దరూ కలిసి, యాంటీబాడీ మోతాదు తగ్గించి అన్నీ మొదటినుంచి చేశారు. సాయంత్రానికి రిసెప్టర్ ఉన్న కణాలే మెరిశాయి.

సోమవారం శ్రావణి మొట్టమొదట చూపించింది కంట్రోల్ బొమ్మ, అంటే రిసెప్టర్ లేని కణాలది. తెర మీద చిమ్మచీకటి తప్ప ఏమీ లేదు. నిపుణులు కళ్లద్దాలు తుడుచుకుంటుంటే, వెనక వరసలో జగన్నాధం గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టేశారు.