ముస్తాక్ మేస్త్రీ పుల్లర్

మార్కాపురంలో వాహనాల కింద దూరి అరిగిపోయిన బాల్ జాయింట్లు ఊడదీసే ముస్తాక్ మేస్త్రీకి సుత్తి అంటే గిట్టదు. "కొడితే పండ్లు ఊడతాయి గానీ, జాయింటు ఊడదబ్బా" అంటాడు. ఆయన నమ్మకమంతా పుల్లర్ మీదే. దాని రెండు ఇనుప చేతుల్ని జాయింటుకు తగినంత ఎడంగా జరిపి, మధ్యలోని బోల్టు బిగించి, పక్కకొచ్చి కూర్చుని, అది ఠక్కుమనే దాకా సోంపు నములుతాడు. ఏ పనిముట్టు అడిగినా ఇస్తాడు గానీ పుల్లర్ మాత్రం ఇవ్వడు. దాన్ని పట్టుకుని తానే వెళతాడు.

మొన్న ఎదురు షెడ్డు సాయిరాఘవ బొబ్బలెక్కిన అరచేతులతో వచ్చాడు. "మామా, పొద్దున్నించి కొడతాండా. రావడంల్యా."

ముస్తాక్ పుల్లర్ తీసుకుని రోడ్డు దాటాడు. పలకల వ్యాపారం చేసే విశాలాక్షి తన వ్యాను పక్కనే విసుగ్గా నిలబడి ఉంది. ఆయన బోల్టు బిగించి స్టూలు మీద కూర్చున్నాడు. సోంపు నోట్లో వేసుకునేలోపే ఠక్కుమని జాయింటు ఊడింది.

"ముందే నీ కాడికి తెచ్చింటే పోయేది భాయ్. ఇంక నీ షెడ్డుకే తెస్తా" అంది విశాలాక్షి. సాయిరాఘవ స్పానర్లు సర్దుతున్నట్టు కిందికి వంగాడు.

ముస్తాక్ పుల్లర్‌ని నూనెగుడ్డలో చుట్టుకున్నాడు. "నాదేముందక్కా! రాఘవ కొట్టి కొట్టి వదులు చేసిపెట్టినాడు. నేను ఊరికే లాగినా."

సుత్తికి ఆయన నోట ఓ మంచిమాట దక్కడం అదే మొదలు.