తార్నాక దాకా పరుగెత్తిన ఫ్లాస్కు

ఆ రోజుల్లో తేలిక సమస్య తీసుకుని రెండేళ్లలో డాక్టరేటు కొట్టేసేవాళ్లంటే నాకు మహా చిన్నచూపు. (ఇరవై నాలుగేళ్ల వయసులో చిన్నచూపుకు ఖర్చేముంది?) అందుకే యూనివర్సిటీ రసాయనశాస్త్ర శాఖలో చేరగానే, నాకు ముందు ఇద్దరు వదిలేసి పోయిన సమస్యను అడిగి మరీ నెత్తికెత్తుకున్నాను. ఒక చెట్టు వేరు బెరడులోంచి తీసిన పదార్థం ఎంతకీ తేనెలా జిగురుగానే ఉండిపోయేది. అది స్ఫటికాలు కడితే గానీ పని ముందుకు కదలదు. ఏడాదిన్నర అది కట్టలేదు, నేను వదల్లేదు. చివరికి గైడుగారికి విసుగొచ్చింది. "శనివారం నాలుగింటికి వస్తానయ్యా. అప్పటికీ ఇంతే అయితే ఇది పక్కన పడేసి తేలికది తీసుకుందువుగాని" అన్నారు.

శనివారం మధ్యాహ్నానికి మిగిలింది ఒక్క ఫ్లాస్కు అడుగున నాలుగు చెంచాల ద్రావణం. ఆ ఫ్లాస్కును ముందే ఆసిడ్ పోసి మూడుసార్లు కడిగి ఉంచాను (మా అమ్మ దేవుడి గిన్నెల్ని కూడా అంతగా తోమి ఉండదు). లాబ్‌లో తలపండిన అటెండరు, మేమంతా కాకా అని పిలిచేవాళ్లం, వచ్చి మెరుస్తున్న ఆ గాజు వంక జాలిగా చూశాడు.

"గింత సాఫ్ జేస్తే అది దేన్ని పట్టుకొని గడ్తది సారూ? లోపట గాజుకడ్డీతోని జర గీకు. పాత సార్లందరు గట్లనే చేస్తుండె."

"పగిలితే కాకా? ఉన్నదే ఇంత."

"పగిలితే పగుల్తది. గీకకుంటె ఏమొస్తున్నది?"

గుండె రాయి చేసుకుని గీకాను. కీచుమంది. అంతకుమించి ఏమీ కాలేదు. నాలుగయింది. గైడుగారు వచ్చి, ఫ్లాస్కు ఎత్తి చూసి, తేలిక సమస్య రాసిన కాగితం బల్ల మీద పెట్టారు. "సరేనండి" అన్నాను. అనేసరికి ఏడుపొచ్చినంత పనైంది. ఆయన బస్సుకు వెళ్లిపోయారు. పావుగంట తర్వాత కడిగేద్దామని ఫ్లాస్కు అందుకుంటే, గీత పడిన చోట తెల్లగా, సన్నగా సూదుల్లాంటి స్ఫటికాలు లేస్తున్నాయి.

ఇక చూసుకోండి. ఫ్లాస్కు మూతికి చేతిరుమాలు చుట్టి తార్నాక బస్‌స్టాపు దాకా ఒకటే పరుగు. ఆయన అప్పుడే ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టారు. "సార్, దిగండి" అని అరిచాను (గైడును బస్సు దింపిన శిష్యుడు మా శాఖలో నేనొక్కడినే). ఆయన దిగి, ఫ్లాస్కును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"నా సమస్య నాకిచ్చెయ్యండి సార్" అన్నాను.

"ఇచ్చాను గానీ, ఇంతకాలం ఏడిపించినదాన్ని పట్టుకుని ఎవడైనా రోడ్డు మీద పరిగెత్తుతాడటయ్యా? పడితే?"

పడలేదు. కానీ ఆ పదార్థం నిర్మాణమేమిటో తేల్చడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. తేలిక సమస్యలవాళ్లు అప్పటికి లెక్చరర్లయి, పిల్లల్ని బళ్లో కూడా వేశారు. ఇప్పుడు నేను ఏ పని మొదలుపెట్టాలన్నా ఎన్నాళ్లు పడుతుందో ముందే అడుగుతాను. ఆ కుర్రాడు అడగలేదు. ఎవరైనా చెప్పి ఉన్నా ఆ సాయంత్రం అలాగే పరుగెత్తేవాడు. వాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త కుళ్లు కూడా.