బుట్టలో హాడక్‌లా ఎగిరిన చెయ్యి

మా రేవు ఊరు పోర్ట్ స్కెల్లీలో ఇష్బెల్ మచ్ అంటే సామాన్యురాలు కాదు. చేపల షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్ళు హాడక్ చేపలు కోసింది, ఒక్క ముల్లు మిగలకుండా, ఒక్క వేలు తెగకుండా. అడ్డంగా కొట్టే వానలో గోల్ఫ్ మైదానంలోని అయిదో గుంటలోకి ఒక్క దెబ్బకే బంతి దించిన ఘనత ఆమెదే. ఆడవాళ్ళ గోల్ఫ్ పోటీలో వెండి టీపాట్ మూడుసార్లు గెలిచింది. క్లబ్బు గోడ మీద ఆమె పేరు బంగారు అక్షరాల్లో ఉంది. నమ్మనివాళ్ళు వెళ్ళి చదువుకోవచ్చు.

అటువంటి చేతులకు అరవై మూడో ఏట అది పట్టుకుంది. నూటయాభై గజాలు కొట్టమంటే బంతి గీత గీసినట్టు పోతుంది. గుంటకు మూరెడు దూరంలో ఉన్న బంతిని మెల్లగా తొయ్యమంటే మాత్రం మణికట్టు దానంతటదే ఉలిక్కిపడుతుంది. బంతి గుంట దాటి కుందేళ్ళ బొరియల దాకా పరుగు తీస్తుంది. ఇంటికొచ్చి కత్తి పట్టుకుంటే మళ్ళీ చెయ్యి రాయే!

ఆ జబ్బు పేరు మా ఊళ్ళో ఎవరూ పైకి అనరు. అన్నా, చూసినా అంటుకుంటుందని భయం. ఇష్బెల్ గుంట దగ్గర వంగగానే అందరూ వీపు తిప్పి సముద్రం వైపు చూస్తారు. ఎదురు ఆడేవాళ్ళు "ఇచ్చేశాలే, బంతి తీసుకో" అంటారు. అలా ఇచ్చేస్తే బంతి గుంటలో పడ్డట్టే లెక్క. ఈ ఏడాది పోటీలో ముగ్గురు భయంకొద్దీ అలా ఇచ్చేస్తూ పోయారు. డెబ్భై రెండేళ్ళ ఇష్బెల్ ఫైనల్లో వచ్చిపడింది.

"దానాలతో వచ్చింది" అన్నాడు రిఫరీ డూగల్, అందరూ వినేలా.

ఆ మాట ఇష్బెల్‌కు సూదిలా దిగింది. ఒక్క బంతైనా తన చేత్తో వెయ్యాలి.

ఫైనల్లో ఎదురు ఆడింది ఆమె వదిన నెట్టా. ఆఖరిదైన పద్దెనిమిదో గుంట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానం. నెట్టా వంతు అయిపోయింది. ఇష్బెల్ బంతి గుంటకు మూరెడు దూరంలో ఉంది. వేస్తే టీపాట్ ఆమెదే.

"ఇదీ ఇచ్చేస్తావా, వదినా?"

"టీపాట్‌తో పాటు నా కట్టుడుపళ్ళు కూడా ఇవ్వనా? కొట్టవే!"

"అయితే చూస్తూ ఉండు."

"చచ్చినా చూడను. నా చేతులు నాకు కావాలి."

ఆట చూడ్డానికి వచ్చిన నలభై మంది ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగారు. చూడ్డమే పనిగా ఉన్న డూగల్ టోపీని ముక్కు దాకా లాక్కున్నాడు.

ఇష్బెల్ వంగింది. చెయ్యి ఎగిరింది. బంతి దూసుకుపోయి గుంటలో నిలబెట్టిన జెండా కర్రకు టక్కున కొట్టుకుని, గాలిలోకి లేచి, దబ్బున గుంటలో పడింది.

"పడింది!" అని అరిచింది ఇష్బెల్.

అందరూ తిరిగారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"బంతి గుంటలో ఉంది సరే, పడ్డం ఎవరు చూశారు?" అన్నాడు డూగల్.

"నువ్వు చూడాలి కదయ్యా!" అంది ఇష్బెల్.

"నేనా... పడవలు చూస్తున్నాను. మళ్ళీ కొట్టిస్తేనో?"

"ఎందుకూ?" అంది నెట్టా. "నా కళ్ళు అటున్నా చెవులు ఇటే ఉన్నాయి. కర్రకు తగిలింది, గుంటలో పడింది. నేను ఓడాను. ఇది ఎవరి దానమూ కాదు, విన్నావా డూగల్?" తర్వాత మరదలి చెవి దగ్గరకు వచ్చింది. "నిజం చెప్పు. చెయ్యి నిలిచిందా?"

నిలిచిందంటే కాదనేవాడు లేడు. ఇష్బెల్ తల ఎత్తింది.

"నిలవడమా? బుట్టలో హాడక్‌లా ఎగిరింది!"

నెట్టా నవ్వి నవ్వి పచ్చిక మీద కూలబడింది. "అయ్యో, అంత వేడుక చూడలేకపోయానే! ఇంకోసారి కొట్టవే, నా తల్లీ!"

ఇష్బెల్ బంతి పెట్టింది. ఈసారి సముద్రాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. నలభై జతల కళ్ళూ ఆమె మణికట్టు మీదే. చెయ్యి ఎగిరింది, బంతి కుందేళ్ళ దగ్గరికి పోయింది, జనం ఈలలు వేశారు.

గోడ మీద నాలుగోసారి ఆమె పేరు ఎక్కింది. ఎవరికీ ఏదీ అంటుకోలేదు. డూగల్ మాత్రం ఆ వారమంతా కుడి మణికట్టు పట్టుకుని తిరిగాడు. అడిగితే, "చలిగాలికి నొప్పి" అన్నాడు.